బందరు బాట

కొన్ని వారముల క్రిందట మునగాల ప్రాంతమునుండి యొక వృద్ధ కర్షకుడు భూమి తగవు విషయమున మా కచేరికి వచ్చి, మూటనుండి యొక పాత దస్తావేజును దీసి మా ముందుంచెను. కాగితము పండుటాకువలె పసుపుబారినది, మడతలయందు చిరిగినది. అందు గ్రామనామము క్రింద "కృష్ణాజిల్లా, నందిగామ తాలూకా" అని స్పష్టముగా వ్రాయబడియున్నది. కూడ వచ్చిన మనుమడు పట్టభద్రుడు. అతడది చూచి, "ఇది తప్పు పడ్డది సార్, మాది సూర్యాపేట జిల్లా గదా" అనెను. వృద్ధుడు నవ్వి, "తప్పు గాదు బిడ్డా, మా తాత కలెక్టరు కచేరికి బందరు పొయ్యేటోడు" అనెను.

ఆ యొక్కమాట మమ్ము బందరునకు గొనిపోయినది. ఇరువది సంవత్సరములుగా న్యాయవాదవృత్తిలో నున్నాము; విజయవాడకు నూఱుమారులు పోయియుందుము. అచ్చటనుండి బందరు డెబ్బది కిలోమీటర్లకు మించదు. అయినను ఆ మిగిలిన దారి నడువవలెనని యెన్నడును మాకు దోచలేదు. ఈ లోపము మా యొక్కరిదియే కాదని, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పఠనమందిరములలోని మిత్రుల నడిగినప్పుడు తెలిసినది. సముద్రము చూడవలెననిన విశాఖపట్టణమునకు బోవుదురు; గోవాకు బోవుదురు. తమ వాకిటిముందు బోవు బాట యే సముద్రమును జేరునో విచారించినవారు మాత్రము అరుదు. కావున నొక ఆదివారము తెల్లవారుజామున ఏడుగురము బయలుదేరితిమి.

మన జనులు దీనిని "విజయవాడ రోడ్డు" అందురు. ప్రభుత్వమువారి లెక్కలో దీని తుది విజయవాడ కాదు. పూర్వము తొమ్మిదవ సంఖ్యయు నిప్పుడు అఱువదియైదవ సంఖ్యయు గల యీ జాతీయరహదారి పూనాలో మొదలిడి మచిలీపట్టణమున ముగియుచున్నది. ఈ మార్గము నిన్న మొన్నటిది గాదు. గోలకొండ సుల్తానులకు సముద్రద్వారము బందరు. రాజధానినుండి రేవునకు, రేవునుండి రాజధానికి సరకులును దూతలును వర్తకులును ఈ ప్రాంతములగుండనే నడచిరి. ఫ్రెంచి వజ్రవర్తకుడు తావెర్నియే వంటివారు ఈ దేశమును జూచి గ్రంథములు వ్రాసిపోయిరి. వారి పేర్లు చరిత్రలో నిలిచినవి. కాని దూది మూటలను తీరమునకు మోసి, తీరమునుండి యుప్పును లోనాడునకు దెచ్చిన లంబాడీల పెరికెద్దుల బిడారులనుగూర్చి యెవరు వ్రాసిరి? ఆ లంబాడీల సంతతివారు నేటికిని మన మిర్యాలగూడ, సూర్యాపేట ప్రాంతముల తండాలయందు గలరు. బందరు చరిత్రలో వారికిని భాగము గలదని వారి పిల్లలకు చెప్పినవా రెవరును లేరు.

సూర్యాపేట విడిచి కోదాడ చేరులోపలనే మునగాల వచ్చును. ఈ పరగణా చుట్టును నిజాము రాజ్యము. నడుమ నిది మాత్రము ఇంగ్లీషువారి మదరాసు రాజధానికి జేరినది, కృష్ణాజిల్లాలోనిది. దీని జమీందారు నాయని వెంకటరంగారావుగారు. ఆయన దివాను కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము నెలకొల్పినప్పుడును, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పుట్టినప్పుడును ఈ యిరువురి చేయూత యెంతటిదో గ్రంథాలయములతో పరిచయము గలవా రెఱుగుదురు. పరగణా 1959లో గాని నల్లగొండ జిల్లాలో గలియలేదు. మా కక్షిదారుని దస్తావేజులోని రహస్య మింతియే.

ఇక నందిగామ దాటి విజయవాడవైపు సాగినచో పరిటాల వచ్చును. అచ్చటి చరిత్ర మునగాలకు తలక్రిందు ప్రతిబింబము. చుట్టును ఇంగ్లీషువారి కృష్ణాజిల్లా. నడుమ నేడు గ్రామములు నిజామువి. అది వజ్రపు గనుల నేల. అందుచేతనే నిజాము దానిని వదలుకొనలేదు. ఆ గ్రామములవారు 1947లో నిజాము పాలనను త్రోసివైచి తమ స్వాతంత్ర్యమును తామే ప్రకటించుకొనిరి. మఱుసటి సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన భారతసైన్యములోని యొక భాగము విజయవాడ దిక్కునుండి కోదాడ మీదుగా సూర్యాపేటకు నడచినదియు ఈ బాటమీదనే. సముద్రముచెంత మొదలైన దారిపైననే మనకు విముక్తి వచ్చినది.

ఒకే రహదారిమీద, ఇరువది క్రోసుల యెడములో, అక్కడ వీరి ద్వీపము, ఇక్కడ వారి ద్వీపము! రాజులు గీచిన యెల్లలు ఇట్టివి. కాగితముమీద గీత మాఱినప్పుడెల్ల రైతు నాగలి విడిచి వేఱొక కచేరికి నడువవలసివచ్చినది. అతని పొలము కదలలేదు. అతని భాష మాఱలేదు. అతని వాకిటిముందరి బాట మాత్రము ఎప్పటివలె తూర్పునకే పోవుచుండెను.

పాలేరు వంతెన దాటి పొరుగు రాష్ట్రమున బ్రవేశించితిమి. మధ్యాహ్నమునకు ముందే బందరు చేరితిమి. ఊరి పేటల పేర్లే మాకు మొదటి పాఠములు. వలందపాలెము ఓలందులది, పరాసుపేట పరాసులది, ఇంగ్లీషుపాలెము వేఱుగ జెప్పనక్కఱలేదు. పదునేడవ శతాబ్దపు మొదటి దశకములో ఓలందులు, 1611లో ఇంగ్లీషువారు ఇచ్చట కొఠీలు పెట్టిరి. పరాసులు పిమ్మట వచ్చిరి. వీరందఱును మన సముద్రమును జూచి వచ్చినవారు గారు. మన మగ్గమును జూచి వచ్చినవారు. ఈ సీమ అద్దకపు బట్ట తూర్పుదీవులలో సుగంధద్రవ్యములకు మారకముగ జెల్లెను. పారసీకమున ప్రభువులు దానిని గోరి ధరించిరి.

బందరుకోటకు బోయితిమి. పాత ఆయుధాగారపు గోడలు మిగిలియున్నవి. పైకప్పులు లేని గదులయందు చెట్లు మొలచియున్నవి. ఈ కోటకొఱకు పరాసులును ఇంగ్లీషువారును పోరిరి. 1759 ఏప్రిలులో ఒక రాత్రి కర్నల్ ఫోర్డు దీనిని గైకొనగా, మఱుసటి మాసమున సలాబత్ జంగు బందరును, దానిచుట్టునున్న సీమలను ఇంగ్లీషువారికి వ్రాసియిచ్చెను. అంతకు పూర్వము 1632లో గోలకొండ అబ్దుల్లా కుతుబ్ షా సాలీనా 500 వరహాలకు తన రేవులలో వర్తకము చేసికొనుడని వారికే ఫర్మానా దయచేసెను. "బంగారు ఫర్మానా" అని వారు మురిసిన పత్ర మదియే. ఇక మూడవ పత్రమును జూడుడు. 1802 వర్తకపు టొడంబడికలో కంపెనీవారు నిజామునకు బందరు రేవును వాడుకొను స్వేచ్ఛ నిచ్చిరి! తొలి పత్రములో ప్రభువు వర్తకునకు అనుమతి నిచ్చెను. రెండవదానిలో సొత్తు నిచ్చెను. మూడవదానిలో తన పాత వాకిట నడుచుటకు వర్తకునిచేత అనుమతి పొందెను. ముప్పదివేల పత్రములు చదివిన న్యాయవాదికిని ఇంతకు మించిన గుణపాఠము దొరకదు. ఈ మూడు సంతకములలో దేనికిని మన సూర్యాపేట రైతునుగాని పెడన సాలెవానినిగాని యెవరు నడుగలేదు.

కోటప్రాంతముననే ఓలందుల శ్మశానమున్నది. కేంద్రప్రభుత్వ పురాతత్త్వ శాఖవారి రక్షణలో నున్న స్థల మది. నల్లరాతిపలకలమీద పూర్ణోన్నతాక్షరములతో వారి భాషలో పేర్లు, వంశచిహ్నములు, తేదీలు చెక్కబడియున్నవి. మూడువందల యేండ్లకు బైబడినను చదువ శక్యమగుచున్నవి. సముద్రములు దాటివచ్చి యీ యెండకు, ఈ జ్వరములకు బలియైన వారిపై మాకు ద్వేషము లేదు. మృతునికి శత్రుత్వ మెక్కడిది? ఆ రాళ్లు నిలువవలసినవే. కాని, అచ్చట నిలుచున్నప్పుడు మా మిత్రులలో మిర్యాలగూడ ఉపాధ్యాయుడొకడు, "బట్ట కొన్నవాని పేరు రాతిమీద నున్నది, బట్ట నేసినవాని పే రెక్కడనున్నది?" అని యడిగెను. మేము జవాబు చెప్పలేకపోయితిమి.

అట్టి ప్రశ్నయే 1864 సంవత్సరమును దలచినప్పుడును గలిగినది. ఆ యేడు నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుతో గూడిన ఉప్పెన బందరుమీద బడెను. సుమారు 30,000 మంది ప్రాణములు గోల్పోయిరి. నీరు క్రోసులకొలది లోనికి జొచ్చి ఊళ్లకు ఊళ్లను దుడిచివైచెను. ఆ ముప్పదివేలలో ఎందఱి పేర్లు మన మెఱుగుదుము? 1977 నవంబరు 19న దివిసీమలో మరల సముద్రము పొంగి వేలమందిని మ్రింగినది. తీరమువారికి సముద్రము అన్నమును, ఆపదయును గూడ. ఒక్కదినము విహారమునకు వచ్చి మంగినపూడి యిసుకలో నిలిచి ఫొటో దీసికొని పోవు మనవంటి లోనాటివారు ఈ సంగతి మఱవరాదు.

అపరాహ్ణమున పెడనకు బోయి అద్దకపు పనివారిని జూచితిమి. బట్టను కరక్కాయ రసమును గేదెపాలును గలిపినదానిలో నాననిచ్చి యెండబెట్టుట, చెక్కిన కొయ్య అచ్చులతో అద్దుట, ఇనుపముక్కలను బెల్లమును పులియబెట్టిన నీటితో నలుపు, పటికతో గూర్చి ఉడికించి యెఱుపు రప్పించుట, మరల పాఱునీటిలో నుతుకుట: ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క నిరీక్షణ. ఓలందు లీ యద్దకము కొఱకే సముద్రములు దాటిరి. వారు పోయిరి, కోట కూలినది, రేవు పూడినది. అచ్చువేయు చేయి మాత్రము నిలిచియున్నది. బందరులో మేము చూచిన పురాతన స్మారకములలో ప్రాణము గలది ఇది యొక్కటియే. మార్కెట్టులో మర అచ్చు బట్ట ఇదే పేరుతో అగ్గువకు అమ్ముడుపోవుచుండగా, దీని నెవరు రక్షింతురు? రాతిపలకకు కంచె కట్టుదుము. చేతిపనికి కంచె మన కొనుగోలే.

సాయంకాలము కోనేరు సెంటరునకు జేరితిమి. 1930లో ఉప్పు సత్యాగ్రహపు దినములలో తోట నరసయ్యనాయుడుగారు ఇచ్చట జాతీయపతాకము నెత్తబోయి, పోలీసుల లాఠీదెబ్బలకు స్పృహ దప్పువఱకు జెండాను విడువలేదు. ఇప్పుడచ్చట బండ్ల రొద; అంగళ్ల దీపములు. నిలుచుండి ఆ కథ చెప్పుకొనుచుండగా నొక బడిపిల్లవాడు దగ్గఱకు వచ్చి వినెను. ఆ పిల్లవానికి ఆ కథ క్రొత్తది!

అటుతరువాత ఆంధ్రజాతీయ కళాశాల. 1910లో దీనిని స్థాపించినవారిలో ముఖ్యుడు కోపల్లె హనుమంతరావుగారు న్యాయశాస్త్రము చదివియు, ఆ వృత్తిని ద్రోసిపుచ్చి, 1922లో మరణించువఱకు దీనికే తన జీవితము నర్పించెను. మా వృత్తివారమగు మాకు ఆ పేరు వినిన తల వంగును. ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు ఆయనకు దోడునిలిచిరి. ప్రమోదకుమార చటర్జీగా రిచ్చట చిత్రకళ నేర్పిరి. అడవి బాపిరాజుగారు ఆయన శిష్యులు. 1916లో జాతీయపతాకమునుగూర్చి గ్రంథము ప్రకటించిన పింగళి వెంకయ్యగారు ఇచ్చటి అధ్యాపకులు. చదువుతోబాటు మగ్గమును, వడ్రంగమును నేర్పవలెనన్న తలంపు ఇచ్చట పుట్టి ఇటుకయు సున్నమునై నిలిచినది. 1902లో ఈ యూరనే ఆరంభమైన కృష్ణాపత్రికకు ముట్నూరివారు 1907 మొదలు 1945లో కన్నుమూయువఱకు సంపాదకులు. 1923లో పట్టాభిగా రిచ్చట స్థాపించిన ఆంధ్రాబ్యాంకు 2020 ఏప్రిల్ 1న వేఱొక బ్యాంకులో గలిసిపోగా పే రొక్కటి జ్ఞాపకముగ మిగిలినది.

ఈ కృష్ణాపత్రిక యెల్లలు దాటి నిజాము తెలంగాణమునకును వచ్చెడిది. ఉర్దూ కచేరీల దేశమున, సభకు సెలవు గోరవలసిన కాలమున, తెలుగు చదువ నేర్చినవారు పఠనమందిరముల కిరసనాయిలు దీపముచెంత దానిని జదివిరి. 1922లో నల్లగొండనుండి నీలగిరి పత్రిక వెలువడినది; 1926లో హైదరాబాదున గోలకొండ పత్రిక వెలసినది; 1928లో సూర్యాపేటలో ఆంధ్రజనసంఘ మహాసభ జరిగినది. ఈ దీపము లన్నియు ఒక్కచమురుతో వెలిగినవని మే మనము; మన పెద్దల త్యాగము మన పెద్దలది. కాని గాలి తూర్పునుండియు వీచినదని యొప్పుకొనుట కృతఘ్నులు గానివారి లక్షణము.

ఇచ్చట మమ్ము ఆక్షేపించువారు గలరు. "బందరు పొరుగు రాష్ట్రములోనిది. దాని కోటయు కొలనును వారు చూచుకొందురు. మన పిల్లలమఱ్ఱి గుడులకే దిక్కు లేనప్పుడు మనకీ చింత యేల?" అని యందురు. మే మీ మాటను దేలికగ ద్రోసివేయము. 2011లో సకలజనుల సమ్మె జరిగిన 42 దినములు నల్లకోటు విప్పి రోడ్డుమీద గూర్చున్నవారిలో మేమొకరము. ఆనాడు గోరినది తప్పని నేడును దలచుట లేదు. కాని మనము గోరినది మన యింటి పాలన మనము చేసికొనుట. మన తాతల త్రోవను మఱచిపోవుట గాదు. అన్నదమ్ములు పంచుకొనునప్పుడు ఇల్లు, పొలము, పాడి భాగములు వేయుదురు. తాత పేరును భాగము వేసినవారు లేరు. విభజనపత్రములు చదువుటయే వృత్తిగా గలవారము. జ్ఞాపకములకు సర్వే నంబరు వేసిన దస్తావేజు నింతవఱకు చూడలేదు.

మఱికొందఱు, "పాతగోడలతో నేమి పని? క్రొత్త రేవు వచ్చుచున్నది, అదియే బందరు భాగ్యము" అందురు. రేవు రావలసినదే. 2008లో నొకమారు, 2019లో నొకమారు, 2023లో నొకమారు దానికి శంకుస్థాపనలు జరిగినవి. ఒక్క రేవునకు మూడుమారులు పునాదిరాయి వేసిన ఘనత మనది! హైదరాబాదు చేరువను డ్రైపోర్టు గట్టి బందరుతో గలుపవలెనని మన ప్రభుత్వమును ఇటీవల పలుమారు చెప్పినది. 2025లో తెలంగాణ బియ్యము కాకినాడ నుండి ఓడలో ఫిలిప్పీన్సునకు బోయినది. మిర్యాలగూడ మిల్లుల బియ్యము, కోదాడ రైతు పంట, బందరునుండి పోవు దినము వచ్చినచో మాకంటె సంతోషించువా రుండరు. అయినను రేవు చరిత్రనుండి నేర్వవలసినది ఒకటి గలదు. పూర్వము రేవు ఘనమైనది; లాభము మాత్రము మగ్గమువానిది గాలేదు, నాగలివానిది గాలేదు. ఏ సంతకము, ఎవరిచేత, ఎవరికొఱకు చేయబడుచున్నదో అడుగనేర్చిన జనులు లేనిచో, క్రొత్త రేవును పాత ఫర్మానాల త్రోవనే పోవును. అడుగనేర్పునది చరిత్ర, దానిని జూపునది యా పాతగోడ.

కావున మా సూచనలు కొన్ని. మొదటిది: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పఠనమందిరములవారు ఏడాదికొకమారైన ఉన్నతపాఠశాలల పిల్లలను బందరునకు గొనిపోవలెను, విహారమునకు గాదు, పాఠమునకు. తెల్లవారి బయలుదేరినచో రాత్రికి ఇల్లు చేరవచ్చును. రెండవది: బందరు మిత్రులు తమ పిల్లలను ఇటు దోడ్కొనిరావలెను. రేచెర్లవారి పిల్లలమఱ్ఱి గుడులు, ఫణిగిరి బౌద్ధస్తూపము, మూసీ కృష్ణలో గలియు వాడపల్లి వారికొఱకు వేచియున్నవి. హైదరాబాదు నడుమ పాఱిన మూసీ సూర్యాపేట పొలములను దడిపి, వాడపల్లికడ కృష్ణలో గలిసి, హంసలదీవికడ సముద్రము జేరుచున్నది. నీటికి లేని యెల్ల మనకేల? మూడవది: మునగాల, కోదాడ ప్రాంతముల యిండ్లలో అటకలమీద మ్రగ్గుచున్న పాత దస్తావేజులు, శిస్తు రసీదులు, ఉత్తరములు చెదలపాలు గాకముందే ఫొటోలు దీసి భద్రపఱచవలెను. ఈ పనికి ప్రభుత్వముకొఱకు వేచియుండ నక్కఱలేదు. ప్రతివాని జేబులోను యంత్రమున్నది. మా వంతుగ మా కచేరికి వచ్చిన పాతపత్రములను, కక్షిదారుల యనుమతితో, నకలుదీసి పఠనమందిరమున జేర్చుటకు ఆరంభించితిమి. నాలుగవది: బందరుకోటలోను, కోనేరుకడను, జాతీయ కళాశాలకడను, చదువ నేర్చిన ప్రతి పిల్లవానికి దెలియునట్లు తెలుగులో చరిత్ర వ్రాసిన ఫలకములు పెట్టవలెను. పెడన పనివారి పేర్లును ఒక ఫలకముమీద నుండవలెను.

తిరిగివచ్చిన మఱునాడు ఆ వృద్ధ కర్షకునకు దస్తావేజు నకలు నిచ్చితిమి. తగవు న్యాయస్థానమున నెట్లు తేలునో ఆ న్యాయస్థానమే చెప్పవలెను. మనుమడు మాత్రము ఈమారు కాగితమును రెండు చేతులతో నందుకొని, "బందరు ఎంత దూరముంటది సార్?" అని యడిగెను. "మీ యింటిముందు రోడ్డెక్కి తూర్పుకు పో, రోడ్డు ఎక్కడ ఆగితే అదే బందరు" అని చెప్పితిమి.